చెల్లు రాసిన నోటు

దగ్గరికి జరగండి, చలి ముదురుతోంది. ఆ పత్తికట్టె అంతా ఒకేసారి కుమ్మరించొద్దురా నాయనా, భగ్గుమని నిమిషంలో బూడిదవుద్ది. నాలుగు పుల్లలు వేసి ఆగు. ఆ తుమ్మ మొద్దు అంటుకుంటే ఇక మనం లేచిందాకా అదే కాస్తది.

సరే, ఇందాక చిన్నమ్మాయి అడిగిన మాటకొస్తాను. యూత్ మీటింగులో అందర్నీ సాక్ష్యం చెప్పమన్నారంట. ఒకబ్బాయి తాగుడు మానానని చెప్పాడంట, ఇంకొకామె పెద్ద జబ్బు నుంచి లేచానని చెప్పిందంట. దీనికేమో నోట మాట రాలేదంట. ఇంటికొచ్చి నా పక్కన కూర్చుని, "నన్ను దేవుడు దేన్నుంచి రక్షించాడు నాయనమ్మా? పుట్టినకాడి నుంచి మందిరానికే పోతన్నాగా" అంది. అడగాల్సిన మాటే అడిగింది. చాలామంది అడక్కుండానే ముసలోళ్లైపోతారు.

వాక్యం చెప్పి ఒప్పించేంత చదువు నాకు లేదు. నా కళ్లతో చూసిన సంగతి ఒకటుంది, అది చెప్తాను. మీ నాన్నలకి ముక్కలు ముక్కలుగా తెలుసు గానీ మొదట్నుంచీ ఎవరికీ చెప్పలేదు.

నేను పుట్టక ముందు సంగతి. మా మేనత్త పెళ్లికి మా నాయన ఊళ్లో ఒక ఆసామి దగ్గర 300 రూపాయలు అప్పు తెచ్చాడు. నెలకి నూటికి రెండు రూపాయల వడ్డీ. నోటు రాసి, రెవెన్యూ స్టాంపు అంటించి, ఎడమ బొటనవేలికి సిరా పూసి దాని మీద ముద్ర వేయించుకున్నారు. ప్రామిసరీ నోటుకి మూడేళ్లే గడువు. ఆ తర్వాత కోర్టుకి పోయినా చెల్లదు. అందుకని గడువు తీరబోతుందనగా ఆసామి కబురు పెడతాడు, పాత నోటు తీసేసి కొత్త నోటు రాస్తారు. దాన్నే తిరగరాయడం అంటారు. తిరగరాసినప్పుడల్లా కట్టని వడ్డీ అసల్లో కలుస్తది. 300 కాస్తా మూడేళ్లకి 516 అయింది. ఇంకో మూడేళ్లకి 887 దాటింది. మా నాయన కొత్తగా ఒక్క రూపాయి తెచ్చింది లేదు. పెళ్లి భోజనాల విస్తళ్లు ఎప్పుడో మట్టిలో కలిసిపోయినై, అప్పు మాత్రం ఏపుగా పెరిగింది.

ఆ రోజుల్లో అప్పున్నవాడు ఇంకొకరి పొలానికి కూలికి పోకూడదు. ఆసామి ఇంట్లోనే పాలేరు. కోడి కూయకముందే మా నాయన పోయేవాడు. కొట్టం ఊడ్చి, పేడ ఎత్తి, ఎడ్లకి చొప్ప వేసి, కుడితి పెట్టి, నాగలి భుజానేసుకుని పొలం పోయేవాడు. రాత్రి మేం నిద్రపోయాక వచ్చేవాడు. నాకు చిన్నప్పుడు మా నాయన మొహం కంటే ఆయన తలగుడ్డ బాగా గుర్తు, వాకిట్లో కొయ్యకి వేలాడుతుండేది. వెట్టిని రద్దు చేసిన చట్టం 1976లో గానీ రాలేదు, ఇది దానికి బాగా ముందు. ఆ ఆసామి చెడ్డవాడని నేననను. జ్వరమొస్తే మాత్ర తెప్పించేవాడు, పండక్కి పంచె ఇచ్చేవాడు. కానీ నోటు మంచివాడి పెట్టెలో ఉన్నా నోటే గదమ్మా.

రెండోసారి తిరగరాసినాక ఆసామి ఒక మాటన్నాడు: "మీ పిల్ల ఎదుగుతోందిగా, గేదెలు కాయడానికి పంపు. దాని గింజలు వడ్డీ కింద జమేసుకుంటా." ఆ పిల్లని నేనే. మా నాయన తల ఊపి వచ్చాడు. ఊపక ఏం చేస్తాడు? ఆ రాత్రి మా అమ్మ అన్నం తినలేదంట. నాకివేవీ తెలియవు. మా పల్లెలో మిషను బడి ఉండేది, పలక పట్టుకుని పోయి అఆలు దిద్దుకుంటున్నా. వచ్చే ఉగాదికి బడి మానిపించి గేదెల వెంట తోలబోతున్నారని, నా పేరు ఒక లెక్కలో ఎక్కిందని నాకెవరు చెప్పారు? చింతచెట్టు కింద అచ్చనగండ్లు ఆడుకుంటున్నా. అది గుర్తు పెట్టుకో చిన్నీ, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మా నాయనకి ఒక అన్న. మాకు పెదనాయన. పెళ్లాం పురిట్లో పోయాక మళ్లీ పెళ్లి చేసుకోలేదు. మాట తక్కువ మనిషి. మందిరంలో వెనక గోడకి ఆనుకుని కూర్చునేవాడు, పాట పాడేటప్పుడు పెదాలు కూడా కదిపేవాడు కాదు. 1955 డిసెంబరులో నెహ్రూ గారు వచ్చి నాగార్జునసాగరుకి శంకుస్థాపన చేశారు గదా, ఆ తర్వాత కొన్నాళ్లకి మా వైపు నుంచి మనుషులు అక్కడికి పనికి పోవడం మొదలైంది. మా పెదనాయనా పోయాడు.

సాగరు డ్యాము మీరు బస్సులో పోయి చూశారు, ఫొటోలు దిగారు. అది రాతి కట్టడమమ్మా. నదిలో కట్టిన గోడ 124 మీటర్ల ఎత్తు. ఆ రోజుల్లో ఇప్పటిలాగా అన్నిటికీ మిషన్లు లేవు, డబ్బు పెట్టి మిషన్లు తెప్పించే కంటే పదిమందికీ పని దొరుకుద్దని మనుషుల చేతే కట్టించారు. కర్రలతో పరంజా కట్టి, దాని మీద ఏటవాలుగా బాట వేసి, రాళ్లు మోసుకుంటూ ఎక్కేవాళ్లు. చిన్నరాయి అయితే నెత్తిన, పెద్దదైతే కావడి వేసి ఇద్దరో నలుగురో. పాలమూరు నుంచి వచ్చినోళ్లు ఊళ్లకి ఊళ్లు అక్కడ గుడిసెలేసుకుని ఉండేవాళ్లంట. ఆడవాళ్లు బిడ్డల్ని కింద పడుకోబెట్టి మాలు తట్టలు మోసేవాళ్లంట. జారిపడి పోయినోళ్లూ ఉన్నారు. పన్నెండేళ్లు పట్టింది. ఇవన్నీ ఆయన ఎప్పుడో ఒకటీ ఒకటీ చెప్తే నేను పోగేసుకున్న మాటలు.

నన్ను గేదెలకి పంపమన్న ఆ ఏడు ఎండాకాలంలో, కబురూ కాకరకాయా లేకుండా, మధ్యాహ్నం పూట పెదనాయన ఇంటికొచ్చాడు. మంచినీళ్లు తాగాడు. "వాడేడి?" అన్నాడు. మా జేజి, అంటే మా నాయనమ్మ, "ఇంకెక్కడుంటాడు, ఆసామి ఇంట్లో" అంది. వెంటనే లేచాడు. నేను ఆయన వేలు పట్టుకుని వెంట పడ్డా. ఆ వేలు ఇప్పటికీ నా చేతికి తెలుసు. అరచెయ్యంతా కాయలు కాసి, చర్మం పగిలి, పగుళ్లలో మాలు ఇంకిపోయి తెల్లగీతలుగా ఉంది. రెండు గోళ్లు ఊడిపోయి కొత్తవి సగమే వచ్చినై. పట్టుకుంటే గరుగ్గా ఉందని నేను మణికట్టు పట్టుకున్నా.

ఆసామి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మా పెదనాయన కిందనే నిలబడి, పంచె లోపల నడుముకి చుట్టుకున్న గుడ్డ విప్పాడు. అందులో నోట్లు. చెమటకి తడిసి ఆరి, మళ్లీ తడిసి ఆరి అట్టల్లాగా అంటుకుపోయినై. ఒక్కొక్కటే విడదీసి అరుగు మీద పెట్టాడు. మా నాయన కొట్టంలోంచి పేడచేతులతో వచ్చి అట్టే నిలబడిపోయాడు. ఆసామి రెండుసార్లు లెక్క చూసుకున్నాడు. లోపల్నుంచి ఇనప్పెట్టె తీసిన చప్పుడు వినపడింది. నోటు తెచ్చి, వెనక్కి తిప్పి, అసలూ వడ్డీ మొత్తం ముట్టినట్టు చెల్లు రాసి, సంతకం పెట్టి, స్టాంపు మీదుగా అడ్డంగా చించి మా పెదనాయన చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని చూడనైనా చూడకుండా తమ్ముడి చేతిలో పెట్టాడు.

"పద, ఇంటికి పోదాం" అన్నాడు. అంతే.

ఆ నోటు మీద మా పెదనాయన వేలిముద్ర లేదు. సాక్షి సంతకం లేదు. జామీను లేదు. రాసినప్పుడు ఆయన ఊళ్లోనే లేడు. చట్టం ప్రకారం ఆయన్ని ఒక్క పైసా అడిగేవాడు లేడు.

మర్నాడు పొద్దున సంగతి చెప్పాలి. కోడి కూయకముందే మా నాయన అలవాటుగా లేచాడు. తలగుడ్డ చుట్టుకున్నాడు. వాకిలి దాటి, వీధి దాటి, పల్లె చివర రావిచెట్టు దాకా పోయాడంట. అక్కడ ఆయనకి గుర్తొచ్చింది, పోనక్కర్లేదని. ఎటు పోవాలో తెలియక చెట్టు మొదట్లో కూర్చుండిపోయాడు. మా అమ్మ వెతుక్కుంటూ పోతే, "ఈ పొద్దు నాదేనే, ఏం చెయ్యాలో తోచటంలా" అన్నాడంట. అట్లా చాలా పొద్దులు లేచి పోయి, చెట్టు దాకా పోయి వెనక్కొచ్చాడు. నోటు చిరిగింది ఒక్క నిమిషంలోనే. మా నాయన కాళ్లకి ఆ సంగతి అర్థం కావడానికి ఏడాది పట్టింది. రక్షణ పొందినోళ్లు ఇంకా భయం భయంగా బతకడం చూసినప్పుడల్లా నాకు ఆ రావిచెట్టే గుర్తొస్తది, వాళ్లని తప్పుబట్టాలనిపించదు.

ఇంకొకటి జరిగింది. ఇదే అసలు సంగతి. మా నాయన ఎక్కడి నుంచో ఒక తెల్లకాయితం, రెవెన్యూ స్టాంపు తెచ్చాడు. మా బడి పంతులు గారిని పిలిపించాడు. అన్నకి నోటు రాసిస్తానని కూర్చున్నాడు. "ఎన్నేళ్లైనా సరే అన్నా, కూలి చేసి నీ డబ్బు కట్టేస్తా" అన్నాడు. మంచి ఉద్దేశమే గదా? మా పెదనాయన మొహం నల్లబడిపోయింది. ఆయనకి కోపం రావడం నేను చూసింది అదొక్కసారే. "నేను నీకు అప్పిచ్చానంట్రా? అక్కడ మానేసి వచ్చి ఇప్పుడు నా దగ్గర పాలేరుగా ఉంటావా?" అన్నాడు. కాయితం తీసి పంతులు గారికే ఇచ్చేశాడు, బడిలో పిల్లలకి పనికొస్తదని.

మా నాయన దుఃఖం ఆపుకోలేకపోయాడు. "మరి నేనేం చెయ్యాలి?" అంటాడు. దానికి మా జేజి ఒక పాత కథ చెప్పింది.

ధాత కరువులో, అంటే 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువు, మా జేజి వాళ్ల నాయన బకింగ్‌హాం కాలవ తవ్వాడంట. ఒంగోలు మిషనరీ క్లౌ దొర గారు ఆ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో చస్తున్న జనానికి పని చూపించాడు. కూలి వచ్చేది, జనం బతికారు. బోధకులు పని దగ్గరే ఉండి, అలసట తీర్చుకునే వేళల్లో యేసయ్య సంగతులు చెప్పేవాళ్లు. వందలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారంట. దొర గారు ఇవ్వనన్నాడు. కరువు పని నడిచినన్నాళ్లూ, సాయం అందినన్నాళ్లూ ఒక్కరికీ ఇవ్వలేదు. గింజల కోసం దేవుడి దగ్గరికొచ్చారని ఎవరూ అనకూడదని, వాళ్ల మనసులో కూడా ఆ అనుమానం ఉండకూడదని. పనీ సాయం అయిపోయినాక, ఇక ఇవ్వడానికేమీ లేదని చెప్పినాక కూడా, జనం వచ్చారు. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి, వంతులు మార్చుకుంటూ ఇచ్చారు. మా జేజి వాళ్ల నాయన ఆ రోజు నీళ్లలో మునిగి లేచినోడు.

"కాలవ తవ్వినందుకు కూలి వచ్చింది, గుండ్లకమ్మలో దిగినందుకు ఏ కూలీ రాలేదు, ఏ కూలీ కట్టలేదు. మా నాయన బతికినన్నాళ్లూ ఆ రెంటినీ కలపలేదు. నువ్వెందుకు కలుపుతావురా?" అంది మా జేజి కొడుకుతో.

ఆ ఆదివారం నేను మందిరంలో మా నాయనకీ పెదనాయనకీ మధ్యలో కూర్చున్నా. అయ్యగారు సిలువ సంగతి చెప్తున్నారు. మన మీద రాసిన అప్పు పత్రాన్ని యేసు ప్రభువు తుడిచేసి సిలువకి కొట్టేశాడని చెప్తున్నారు. అంతకు ముందు ఆ మాట ఎన్నిసార్లు విన్నానో, చెవిలో పడి పోయేది. ఆ రోజు పక్కన చూస్తే మా పెదనాయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఉన్నాడు, పగుళ్లలో ఆ తెల్లగీతలతో. నాకు ఒళ్లు జల్లుమంది. నేను మణికట్టు వదిలి ఆ అరచెయ్యి పట్టుకున్నా.

నేను గేదెల వెంట పోవాల్సిన పిల్లని అని అప్పటికి మా జేజి చెప్పింది. నేను ఏ నోటు మీదా వేలు పెట్టలేదు. నాకు బాధ తెలియదు, భయం తెలియదు, నేను ఏడ్చి అడిగిందీ లేదు. నేను అచ్చనగండ్లు ఆడుకుంటున్నప్పుడే నా బదులు ఒకాయన రాళ్లు మోస్తున్నాడు. నా సంగతి నాకు తెలిసేటప్పటికే చెల్లు రాసేశారు. చిన్నీ, నీకు సాక్ష్యం లేదన్నావే, చింతచెట్టు కింద ఉన్న పిల్లకి సాక్ష్యం లేదా? తాగుడు మానినోడి సాక్ష్యం నిజమే, నేను కాదనను. కానీ మునిగిపోయి తేలినోడే కాదు, మునగకముందే ఒడ్డున నిలబెట్టబడ్డవాడు కూడా రక్షణ పొందినోడే. నీకు చదువు, ఇల్లు, ప్రార్థన నేర్పిన అమ్మానాన్నలు పుట్టేటప్పటికే ఉన్నారు. అవన్నీ ఊరికే వచ్చినై నీకు. ఇచ్చినాయనకి ఊరికే రాలేదు.

మా అమ్మ ఏం చేసిందో చెప్పాలి. ఆ వారం నుంచే మొదలుపెట్టింది. పొద్దున, మాపు, ఎసట్లో బియ్యం పోసే ముందు చేటలోంచి ఒక పిడికెడు తీసి మూల ఉన్న చిన్న కుండలో వేసేది. ఇది కొత్త సంగతేం కాదు, మన సంఘాల్లో చాలా ఇళ్లలో ఉన్నదే. డోర్నకల్ వైపు అజరయ్య బిషప్పు గారు కూడా పేద సంఘాలకి ఇవ్వడం నేర్పినాయనే, అక్కడా ఆడవాళ్లు పిడికెడు బియ్యం తీసి పెట్టేవాళ్లు. మా ఇంట్లో మాత్రం అంతకు ముందు తీయడానికి బియ్యం ఉంటేగా. మా నాయన చూసి, "కట్టడం మొదలుపెట్టావా?" అన్నాడు. "కట్టేదేముంది, కట్టినాయన కట్టేశాడు. మెతుకు చూస్తే సంతోషమొస్తది, ఆ సంతోషం చేతిలో ఆగటంలా" అంది. ఆదివారం ఆ కుండలో బియ్యం మందిరంలో పోసేది. అవి పల్లెలో మగదిక్కు లేని ఇళ్లకి పోయేవి.

ఇప్పుడు కొంతమంది టీవీలో చెప్తున్నారు, ఇంత ఇస్తే దేవుడు పదింతలు తిరిగిస్తాడని. నాకు గుండె మండుద్ది. అది మళ్లీ వడ్డీ లెక్కే. నా తండ్రిని నమిలేసిన లెక్కే. దేవుడి ఇంట్లోకి ఆ నోటు పుస్తకం తేవద్దు. మీలో ఎవరైనా కానుక వేసేటప్పుడు, ఫీజు కట్టినట్టు గానీ, చిట్టీ కట్టినట్టు గానీ వేస్తే, మా పెదనాయన మొహం నల్లబడిన సంగతి తలుచుకోండి. ఇవ్వడానికి చెయ్యి రాకపోతే ఆ రోజు ఇవ్వకండి. ముందు కూర్చుని ఏం పొందారో తలుచుకోండి, చెయ్యి అదే కదులుద్ది.

సాగరు కాలవలకి 1967లో నీళ్లు వదిలారు. మా వైపు చివరి పిల్లకాలవలకి చేరేసరికి ఇంకొన్నేళ్లు పట్టింది. అప్పటికి మా నాయన కౌలుకి రెండెకరాలు చేస్తున్నాడు, నేను టీచరు ట్రైనింగు చదువుతున్నా. మెట్టచేలల్లో జొన్న తప్ప చూడని మేం, మా కాలవ నీళ్లతో వరి వేశాం. కాలవలో నీళ్లొచ్చిన రోజు మా పెదనాయన గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాడు. ఏమన్నా అంటాడేమోనని చూశాం, ఏమీ అనలేదు. దిగి మొహం కడుక్కున్నాడు.

ఆ సంక్రాంతి దాటాక మందిరంలో కోతల పండగ. ఎవరికి పండింది వాళ్లు తెచ్చారు. గుమ్మడికాయలు, కందులు, మిరపకాయలు, కోళ్లు, ఒకామె తాటాకు బుట్టలో పిల్లల కోడినే తెచ్చింది. మొదటి వడ్లబస్తా బండి మీద వేద్దామంటే మా పెదనాయన ఒప్పుకోలేదు. సాగరులో రాళ్లు మోసిన నెత్తి మీదే మోసుకొచ్చి బల్ల ముందు దించాడు. ఆరాధన అయినాక వేలంపాట. ఒక గుమ్మడికాయ పాటకి వచ్చింది. ఎవరో రూపాయి అన్నారు. వెనక గోడ దగ్గర నుంచి, జీవితంలో మందిరంలో నోరు విప్పని మా పెదనాయన, "రెండు!" అని అరిచాడు. అందరూ వెనక్కి తిరిగారు. మా నాయన లేచి, "మూడు!" అన్నాడు. "ఐదు!" అన్నాడు అన్న. "ఆరు!" అన్నాడు తమ్ముడు. అయ్యగారు సుత్తి కొట్టడం మర్చిపోయారు. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది, మా జేజి మాత్రం "ఇంకా పాడరా, ఇంకా పాడు" అని ఇద్దర్నీ ఎగదోస్తోంది. చిల్లర పైసలకి దొరికే గుమ్మడికాయ పదకొండు రూపాయలకి పోయింది, మా నాయన దగ్గర ఇక లేక ఆగాడు గానీ. ఆ కాయ మందిరం వెనక చింతచెట్టు కింద కోసి, బెల్లం వేసి పులుసు పెట్టారు. పల్లె పల్లెంతా తిన్నది, ఆ దారిన పోతున్న ఆసామి పాలేరు కుర్రాణ్ణి కూడా పిలిచి పెట్టాడు మా నాయన.